ఆ తల్లి అడిగిన ప్రశ్న

ఆనంద్ పట్వర్ధన్ తీసిన "హమారా షహర్" (1985) ఇటీవల మళ్ళీ చూశాను. అందులోని ఒక ఘట్టం మొదటిసారి చూసినప్పటి నుండీ నన్ను వదలడం లేదు. బొంబాయిలో గుడిసెలు కూల్చివేశారు. నిలువ నీడ పోయిన ఒక స్త్రీ, కూల్చినవారిని కాదు, కెమెరా పట్టుకొని వచ్చిన దర్శకుణ్ణే నిలదీస్తుంది. మా బొమ్మలు తీసుకొనిపోయి నీవు పేరు తెచ్చుకుంటావు, మాకు ఒరిగేదేమిటి అన్నది ఆమె మాటల సారాంశం. చాలామంది దర్శకులు ఆ ముక్కను కత్తిరించి పారవేసేవారు. పట్వర్ధన్ దానిని చిత్రంలోనే ఉంచారు.

ఆయన చిత్రాలలో కళ కన్నా ప్రచారం పాలు ఎక్కువ అన్న విమర్శ పాతదే. అందులో కొంత నిజం లేకపోలేదు. సంపన్నుల చేత మాట్లాడించి ఆ మాటలను వారి మీదికే తిప్పడం ఆయనకు సులువైన విద్య. అటువంటి చోట్ల నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆయన కెమెరా దగ్గరకు వచ్చిన దారి వేరు. 1970ల తొలినాళ్ళలో అమెరికాలో చదువుకుంటూ వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలలో పాల్గొన్నారు. కాలిఫోర్నియాలో సీజర్ చావెజ్ నడిపిన వ్యవసాయ కూలీల సంఘంలో స్వచ్ఛందంగా పనిచేశారు. తిరిగివచ్చి మధ్యప్రదేశ్‌లోని ఒక పల్లెలో కిశోర్ భారతి సంస్థతో కలిసి పనిచేశారు. 1974లో బీహారులో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమాన్ని చిత్రీకరించారు. ఎమర్జెన్సీ కాలంలో ఆ చిత్రాన్ని చాటుమాటుగా చూపవలసి వచ్చింది. ఉద్యమం ముందు, సినిమా తరువాత. ఆయన ప్రేరణలన్నీ ఈ వరుసలోనే ఉన్నాయని నా అభిప్రాయం.

మరి ఆ స్త్రీ ప్రశ్నకు సమాధానం ఏది? "హమారా షహర్"కు జాతీయ పురస్కారం వచ్చింది. 1986లో మురికివాడల వాసులతో కలిసి ఆయన నిరాహారదీక్షకు కూర్చున్నారు. అది ఒక సమాధానం. అంతకన్నా పెద్ద సమాధానానికి పాతికేళ్ళకు పైగా పట్టింది.

అదే చిత్రంలో విలాస్ ఘోగ్రే అనే దళిత గాయకుడు పాడతాడు. గద్దర్ పాట విని పెరిగిన మనకు ఆ గొంతులోని ఆవేదన కొత్తగా తోచదు. 1997 జూలై 11న ఘాట్కోపర్‌లోని రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేసి ఉండడం చూసి జనం రోడ్డెక్కారు. పోలీసు కాల్పులలో పదిమంది మరణించారు. కొద్ది రోజులకే విలాస్ ఉరి వేసుకున్నాడు. పట్వర్ధన్‌కు అది వార్త కాదు, తన చిత్రానికి పాట ఇచ్చినవాని మరణం. అక్కడ మొదలుపెట్టిన "జై భీమ్ కామ్రేడ్" 2011లో గానీ పూర్తికాలేదు. పద్నాలుగేళ్ళు! మూడు గంటలు మించిన ఆ చిత్రం నిండా దళిత వాడల పాటలే. విలాస్ లేని లోటును ఇతరుల గొంతులతో పూడ్చాలని తపించినట్లు ఉంటుంది.

డాక్యుమెంటరీకి నిష్పాక్షికతే ప్రాణమంటారు. నా మట్టుకు నాకు అంతకన్నా ముఖ్యమైనది మరొకటి కనిపిస్తుంది. బొమ్మ తీసుకున్న మనిషి దగ్గరకు మళ్ళీ వెళ్ళామా లేదా అన్నది. శిల్పం పేరిట మనం మెచ్చుకునే వాటిలో చాలా భాగం ఒక్కసారి వెళ్ళి తెచ్చుకున్నవే.

ఇది సినిమా వారికే చెందిన మాట కాదు. కొన్నేళ్ళ క్రితం మా ఇంట పాలేరుగా పనిచేసిన వృద్ధుని గురించి నేనొక వ్యాసం రాశాను. కన్నీళ్ళు వచ్చాయని చాలామంది మెచ్చుకున్నారు. ఆ తరువాత ఊరికి రెండుసార్లు వెళ్ళినా ఆయన గడప తొక్కలేదు. తన గురించి రాశానన్న సంగతి కూడా ఆయనకు తెలియదు.

ఈసారి ఊరు వెళ్ళినప్పుడు ఆ వ్యాసం చదివి వినిపించాలని అనుకుంటున్నాను. అందులో తప్పులున్నాయని ఆయన అంటే దిద్దుకోవాలి. నాకేమి ఒరిగింది బాబూ అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఇంకా తోచడం లేదు.