పంతులు చూసిన స్తంభం

మాచర్ల చుట్టుపక్కల బడిపిల్లలకు విహారయాత్ర అంటే ముందు గుర్తొచ్చేది నాగార్జునకొండే. పులిహోర పొట్లాలు కట్టుకుని, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి, కొండ మీది మ్యూజియంలో ఓ గంట తిరిగి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరతారు. ‘ఏం చూశావురా?’ అని నాయనమ్మ అడిగితే ‘నీళ్లు... బుద్ధుడి బొమ్మలు...’ అంటారు. వాళ్ల తప్పేం లేదు. రాళ్లను చూడటం కూడా ఒకరు నేర్పాల్సిన విద్యే. పల్నాడులో ఆ విద్య కథ మొదలైంది ఓ బడిపంతులుతోనే!

ఆయన పేరు సూరపరాజు వెంకటరామయ్య. 1926లో కృష్ణ ఒడ్డున, కొండల నడుమ ఉన్న లోయలో ఓ పాత స్తంభం ఆయన కంట పడింది. ఆ దారిన పోయేవాళ్లకు అదో రాయి. పంతులు మాత్రం అది మామూలు రాయి కాదనుకుని మద్రాసు ప్రభుత్వానికి కబురు చేశారు. శాసనాల విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న సరస్వతి వచ్చి చూసి, ఆ చోటి విలువను గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్‌స్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. స్తూపాలు, చైత్యాలు, విహారాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అదేనని తేలింది. అక్కడి ప్రాకృత శాసనాలను హాలండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫోగెల్ పరిష్కరించి ప్రచురించారు. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళ భిక్షువుల ప్రస్తావన ఉంది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ దేశాలతో పాటు ‘యవన’ అన్న మాటా ఉంది. యవనులంటే గ్రీకులు, ఆ దిక్కు నుంచి వచ్చినవాళ్లు.

గడ్డపాయన ఎవరు?

ఆ తవ్వకాల్లోనే ఓ చిత్రమైన శిల్పం దొరికింది. గడ్డం ఉన్న మనిషి. నడుము పైన బట్ట లేదు. చేతిలో కొమ్ము ఆకారంలో పానపాత్ర. మన దేవుళ్లలో ఇలాంటివారెవరూ లేరే! అది గ్రీకుల మద్యదేవత డయోనిసస్‌ను పోలి ఉందని లాంగ్‌హర్‌స్ట్ గుర్తించారు. లోయలో రోమన్ బంగారు నాణేలూ దొరకడంతో విజయపురికి సముద్రం అవతలి దేశాలతో ఉన్న సంబంధాలు స్పష్టమయ్యాయి.

గ్రీకు శిల్పం ఎలా ఉంటుందో తెలిసిన కన్ను కాబట్టి ఆ పోలిక పట్టింది. ఆ కన్ను ఊరికే రాదు. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో హైనె అనే ఆచార్యుడు 1767లోనే పురావస్తు పాఠాలు మొదలుపెట్టాడు. రోముకో ఏథెన్సుకో వెళ్లే స్తోమత ఎందరు విద్యార్థులకు ఉంటుంది? అందుకే ప్రసిద్ధ శిల్పాలకు అచ్చులు తీసి, సుద్దతో పోతపోసిన నకళ్లను తెప్పించి తరగతి ముందు పెట్టారు. పుస్తకంలో చదవడం కాదు, బొమ్మ చుట్టూ తిరిగి చూడటమే పాఠం. తర్వాత ఈ పద్ధతి ఇతర జర్మన్ విశ్వవిద్యాలయాలకూ పాకింది.

మడులు, గట్లు

మన దేశంలో తవ్వకాన్ని పాఠంగా చెప్పడంలో మార్టిమర్ వీలర్ పేరు ముందు చెప్పుకోవాలి. పురావస్తు శాఖ అధిపతిగా వచ్చిన ఆయన 1944లో తక్షశిలలో శిక్షణ శిబిరం పెట్టారు. ఆయన పద్ధతి పల్నాటి రైతుకు ఇట్టే అర్థమవుతుంది. వరిమళ్లలా నేలను చదరాలుగా విభజించి తవ్వాలి. మధ్యలో గట్లు వదలాలి. గట్టు పక్కగోడను చూస్తే మట్టిపొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఏ పెంకు ఏ పొరలో దొరికిందో అప్పటికప్పుడు రాసుకోవాలి. ఎందుకంటే తవ్వాక ఆ పొర మళ్లీ ఉండదు. పుస్తకం చదువుతూ ఒక్కో పేజీ చించేయడం లాంటిదే తవ్వకం. రాసుకున్నదే మిగులుతుంది.

ఈ పాఠానికి నాగార్జునకొండను మించిన పరీక్ష రాలేదు. సాగర్ ఆనకట్ట కడితే లోయంతా మునిగిపోతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అంతకుముందే, 1954లో, ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో భారీ తవ్వకాలు మొదలయ్యాయి. ఆరేళ్లు సాగాయి. పాత రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగం ఆనవాళ్ల దాకా తవ్వి, కొలిచి, గీసి, ఫొటోలు తీశారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి, కొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లొదిలారు. పల్నాటి పొలాలు పచ్చబడ్డాయి. విజయపురి నీటి అడుగుకు చేరింది.

పుస్తకానికి 46 ఏళ్లు

ఈ కథలో బాధపెట్టే మాటా ఒకటుంది. తవ్వకాలు 1960లో ముగిశాయి. నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. ఇక్ష్వాకుల కాలాన్ని వివరించే రెండో సంపుటం వెలువడింది 2006లో. అంటే 46 ఏళ్లు! ఈలోగా గుంటూరు దగ్గర నాగార్జునుడి పేరుతో 1976లో విశ్వవిద్యాలయమే వెలిసింది. మునిగిపోయిన చోటికి మళ్లీ వెళ్లి సందేహం తీర్చుకునే వీలు లేదు. అలాంటప్పుడు నివేదిక ఆలస్యమైతే ఆ మేరకు పాఠమూ ఆలస్యమే. ఒక తరం విద్యార్థులు పూర్తి పుస్తకం చూడకుండానే చదువులు ముగించుకున్నారు.

ఇప్పుడు ఆ పుస్తకాలున్నాయి, మ్యూజియం ఉంది, అనుపు ఉంది. గోటింగెన్ పిల్లలకు నకళ్లే గతి. పల్నాటి పిల్లలకు అసలు రాళ్లే అందుబాటులో ఉన్నాయి. కావలసిందల్లా పక్కన నిలబడి చూపించేవాళ్లు. అనుపులోని రంగస్థలం మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి, ఒకణ్ని మధ్యలో నిలబెట్టి పద్యం చదివించి చూడండి. ఆనాటి తాపీ మేస్త్రి ఆ మెట్లను నాలుగు పక్కలా ఎందుకు కట్టాడో వాళ్లే చెబుతారు. మ్యూజియంలో అన్నీ చూపించనక్కర్లేదు. ఒక్కో పిల్లాడికి ఒక్కో శిల్పం అప్పగించి, పది నిమిషాలు చూసి బొమ్మ గీయమంటే చాలు.

పల్నాడులో చూడాల్సిన రాళ్లు ఇంకా ఉన్నాయి. చెరువు గట్టున బోర్లాపడ్డ వీరగల్లు, గుడి వెనక ఒరిగిన శాసనం, పొలం దున్నుతుంటే నాగలికి తగిలే ఇటుక... వాటిలో ఏది మామూలు రాయో, ఏది కాదో ముందుగా కనిపెట్టేది ఢిల్లీ నుంచి వచ్చే పండితుడు కాదు, ఆ ఊరి పంతులో, ఆయన దగ్గర చదివిన పిల్లో. 1926లో అదే జరిగింది.