ఇనుపతూకమునకు పోవుచున్న బండ్లు

దసరా పండుగలు వచ్చుచున్నవనగా విజయనగరమునను విశాఖపట్టణమునను మోటారుబండ్ల షోరూములవారు వీధుల పొడవున గుడ్డబోర్డులు కట్టింతురు. పాతబండిని తెచ్చి యిండు, క్రొత్తబండిని తోలుకొని పొండు అనుట వాని సారాంశము. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి చిన్నకార్లపై జి.యస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గుటతో ఆ పిలుపునకు మఱింత బలము చేకూరినది. క్రొత్తబండి కొనుట తప్పు కాదు. మన చిన్నపట్టణముల గృహస్థులకు కారు కొనగల శక్తి కలుగుట సంతోషింపదగిన విషయమే. నా యాక్షేపణ కొనుటను గూర్చి కాదు, ఇచ్చివేయుటను గూర్చి. ఇండ్ల వరండాల ప్రక్కను, పశువులశాలల చూరుల క్రిందను ఇన్నాళ్లు పదిలముగా నిలిచియున్న అంబాసిడరులు, పద్మినులు, హెరాల్డులు ఈ మార్పిడిబేరములో ఇనుపతూకమునకు పోవుచున్నవి. పోయిన దానికి బదులు తెచ్చుకొందమన్నను వీలులేదు. వానిని చేసిన కార్ఖానాలలో ఇప్పుడట్టి బండి యొక్కటియు తయారగుట లేదు.

మా చీపురుపల్లిలో జరిగిన దొకటి చెప్పెదను. మా వీధిలోని యొక పెద్దమనిషి యింట 1977లో కొన్న అంబాసిడరు మార్కు 3 ఉండెడిది. విజయనగరము జిల్లా 1979 జూను 1వ తేదీన ఏర్పడినది. అంతకు ముందు మాది శ్రీకాకుళము జిల్లా. అనగా ఆ బండి మా జిల్లాకంటె రెండేండ్లు పెద్దది. స్టీరింగు ప్రక్కనే గేరుకఱ్ఱ, బల్లవలె వెడల్పైన ముందుసీటు, కంపెనీవారు బిగించిన నాటి పెట్రోలు ఇంజను. దేనిని మార్చి యుండలేదు. మా వీధి యాడువారిలో నెలలు నిండి విజయనగరము ఆస్పత్రికి ఆ బండిలో పోనివారు తక్కువ. పెండ్లికొడుకులను రైలుస్టేషను నుండి విడిదికి తెచ్చినదియు అదే. నేను లా పరీక్ష ప్యాసై వచ్చిన దినమున నా ట్రంకుపెట్టెతో గూడ నన్ను ఇంట దింపినదియు అదే.

2025 దసరాకు హైదరాబాదు నుండి వారి కుమారుడు వచ్చెను. "నాన్నగారూ, ఇది ఊరకే చోటు తింటున్నది. మార్చి మీకు సుఖమైన బండి తీసుకుందాము" అనెను. కొడుకు ప్రేమతోనే యనెను. అందు సందేహము లేదు. తండ్రి మాటాడలేదు. మూడవనాటికి ఆ వాకిట తెల్లని క్రొత్తబండి నిలిచెను. అట్టివి మా వీధిలో అప్పటికే మూడున్నవి. పాతదానికి కట్టిన వెల ఆ కుఱ్ఱవాని చేతిలోని ఫోను ఖరీదు చేయలేదు. ముప్పదియేండ్లు ఆ బండిని చూచిన మేస్త్రి ఈ సంగతి విని, "సుబ్బరంగున్న బండిని ఇనపసామాన్లోడికి ఇచ్చీసినారేటి బాబూ" అని చేతిలోని పానా క్రింద పెట్టి చతికిలబడెను.

నెల తిరుగకుండ ఆ పెద్దమనిషి నాయొద్దకు వచ్చి, "ప్లీడరు బాబూ, ఒక్కసారి నాతో రా. డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకుందాము" అనెను. పోతిమి. బండి దళారి చేతికి పోయినదని షోరూములో చెప్పిరి. దళారి విప్పి యమ్మితిననెను. తలుపులొకచోట, ఇంజనొకచోట, మిగిలిన రేకు కాటామీద. ఆ షోరూము పేరు చెప్పుట వలన ప్రయోజనము లేదు. ఇది ఒక్కరి దోషము కాదు; బేరము యొక్క స్వభావమే అట్టిది.

ఆ స్వభావము మన వారికి తెలియదు. ఎక్స్ఛేంజి బోనసు అనునది పాతబండి వెల కాదు. క్రొత్తసరకు చెల్లుబడి యగుటకై తయారీదారు చేయు తగ్గింపునకు అదొక ముద్దుపేరు. ఏదో యొక పాతబండి వచ్చిన చాలును, అది పరుగెత్తునదైనను సరే, ఈడ్చుకొని వచ్చినదైనను సరే. కావుననే గుమాస్తా బానెట్టు ఎత్తి చూడడు, ఆర్.సి. పుస్తకములోని సంవత్సరము చూచును. సంవత్సరము వెనుకటిదైన కొలది వెల తగ్గించును. మామూలు బండి విషయమున ఈ లెక్క న్యాయమే. పదేండ్ల బండి ఐదేండ్ల బండికంటె తక్కువ వెల చేయవలసినదే. కాని ఒకానొక వయస్సు దాటిన పిదప, పదిలముగా నున్న బండి విషయమున లెక్క తలక్రిందులగును. అప్పుడు ప్రతి సంవత్సరమును వెలను పెంచునుగాని తగ్గింపదు. ఈ మలుపు దళారికి తెలియును. యజమానికి తెలియదు. తెలిసిన దళారి దానిని నగరములోని వేడుకకాండ్రకు అనేకరెట్లకు అమ్ముకొనును. తెలియనివాడు కిలోల లెక్కకు అమ్మును. రెండుచోట్లను మోసపోయినవాడు యజమానియే.

ఇది మనకు క్రొత్త జబ్బు కాదు. స్టెయిన్‌లెస్ గిన్నెలవాడు వీధిలో కేక వేయగానే తాతలనాటి కంచుకంచములు, ఇత్తడిబిందెలు ఇచ్చి తళతళలాడు రేకు తీసికొన్న తరము మనదే. అమ్మమ్మల పెండ్లిపట్టుచీరల జరీ కాల్చి వెండి తీసికొనువానికి ఆ చీరలను రెండు డబ్బాలకు ఇచ్చినవారును మనమే. ఇప్పుడు కంచుకంచము కావలెనని పట్నములో వెదకి వెదకి, ఇచ్చినదానికి పదింతలు పోసి కొనుచున్నాము. మన రైలుదారిలోనే కొన్ని స్టేషనుల యవతల పొందూరు కలదు. వాలుగచేప దవడయెముకతో పత్తి ఏకి సన్ననూలు వడకు నేర్పు అక్కడ నిలిచియున్నది. మిల్లుగుడ్డ చౌక యని అందఱును దానిని విడిచియుండినచో నేడు మనము చెప్పుకొనుటకు పేరు మాత్రమే మిగిలెడిది.

అంబాసిడరును పొందూరు ఖద్దరుతో పోల్చుట యతిశయోక్తి యని కొందఱనవచ్చును. వారు చరిత్ర చూడవలెను. దేశమునకు స్వాతంత్ర్యము రాకముందే, 1942లో, హిందుస్థాన్ మోటార్సు పుట్టినది. 1944లో బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ ప్రీమియర్ ఆటోమొబైల్సును స్థాపించెను. విదేశపు భాగములను తెచ్చి ఇక్కడ బిగించుటతో తృప్తిపడక ఇక్కడనే తయారు చేయవలెనని ప్రభుత్వము పట్టుపట్టగా, జనరల్ మోటార్సు, ఫోర్డు కంపెనీలు 1950ల నడుమ ఈ దేశము విడిచి పోయినవి. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాను తీసికొని, 1950ల చివర వంగదేశపు ఉత్తరపారాలో అంబాసిడరు చేయ నారంభించిరి. 2014 మే నెలలో పని నిలిచిపోవువఱకు, అర్ధశతాబ్దమునకు మించి, మంత్రి మొదలు టాక్సీవాని వఱకు దేశమెక్కినది ఆ బండియే. దానికి దోషములు లేకపోలేదు. పోటీ లేనందున కంపెనీవారు సోమరులైరి; కొనువారు డబ్బు కట్టి యేండ్ల తరబడి కాచుకొనిరి. హారను తప్ప తక్కినవన్నియు మ్రోగునని జనులు పరిహసించిరి. అయినను మన గతుకుల బాటలపై, మన పల్లె మేస్త్రి చేతిలోని నాలుగు పనిముట్లతో, చెట్టునీడను బాగుపడిన బండి అది. 2017లో ఆ పేరును మాత్రము ఫ్రాన్సుదేశపు ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొన్నది. పేరునకు 80 కోట్లు! వస్తువు కిలోల లెక్కకు!

పొగ మాటయేమి యని అడుగుదురు. అడుగవలసిన మాటయే. పాత ఇంజను క్రొత్తదానికంటె నెక్కువ విషము గ్రక్కుననుట నిజము. అందు సంచులవలె ఉబ్బి ప్రాణము కాపాడు ఏర్పాటులు లేవు. దినమంతయు రోడ్డుపై తిరుగు పాత లారీలను, బస్సులను, బాడుగ బండ్లను తీసివేయుడు, నేను అడ్డుపడను. కాని నెలకొకసారి గుడికిని, పెండ్లికిని పోయివచ్చు బండి యొక్కటి ఆకాశమును నల్లజేయదు. ఈ రెంటిని ఒకే గాటను కట్టుటయే అన్యాయము.

ఇప్పుడు చట్టము చేయుచున్నది సరిగా అదియే. 2021 ఆగస్టు 13న కేంద్రప్రభుత్వము తుక్కు విధానమును ప్రకటించినది. బండిని తుక్కునకిచ్చి ధ్రువపత్రము తెచ్చినచో క్రొత్త స్వంతబండి పన్నులో నూటికి 25 వఱకు రాయితీ ఈయవచ్చునన్నది. 15 ఏండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను తిరుగవేయుటకు 600 రూపాయలుండిన రుసుము 2022 ఏప్రిలు 1 నుండి 5,000 అయినది. 20 ఏండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో 10,000 చేసిరి. మఱొకప్రక్క 2021 జూలై 15న వెలువడిన నిబంధనలు 50 ఏండ్లు దాటి మూలరూపము చెడని స్వంతబండిని ప్రాచీనవాహనముగ గౌరవించి, దానికి ప్రత్యేకమైన నంబరు నిచ్చి, ప్రదర్శనలకును ఊరేగింపులకును తిరుగనిచ్చుచున్నవి. మంచిదే. అయితే పదునైదవ యేట ముసలిదని వెలివేసి, ఏబదవ యేట పూజ్యమని పీటవేయు ఈ శాస్త్రములో నడుమ ముప్పదియైదేండ్లు బండి ఎక్కడ తల దాచుకొనవలెను? ఏబదికి చేరునది పదునైదును దాటియే కదా చేరవలెను! మా వీధి అంబాసిడరు 2027లో ఏబదియేండ్లు నిండించుకొనియుండెడిది. రెండేండ్ల ముందు విప్పి యమ్మిరి.

అమెరికాదేశము చేసిన తుక్కుపని మనకంటె క్రూరమైనది. 2009లో పాతబండి యిచ్చి క్రొత్తది కొన్నవారికి 4,500 డాలర్ల వఱకు ప్రభుత్వమే యిచ్చి, కొన్ని వారములలోనే 6 లక్షల 70 వేలకు పైగా బండ్లను తీసికొన్నది. అవి మఱల రోడ్డెక్కకుండ ఇంజనులలో సోడియం సిలికేటు ద్రవము పోయించి, అవి బిగిసి చచ్చువఱకు నడిపించిరి. అంతటి వారును 25 ఏండ్లు నిండిన బండ్లను ఆ పథకములోనికి రానీయలేదు. పాతబండ్ల ప్రేమికులు కలిసికట్టుగ నోరు విప్పిరి, శాసనకర్తలు వినిరి. మన దేశమున అడిగినవారేరి?

అడుగకున్న ఏమగునో బొంబాయి చూపినది. అక్కడ కడపటి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైనది. ఇరువదియేండ్ల గడువు ముగిసి 2023 అక్టోబరులో ఆ నలుపుపసుపు బండి వీధి విడిచినది. హైదరాబాదు చౌమహల్లా భవనములో 1912 నాటి నిజాముగారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ అద్దమువలె తుడువబడి నిలిచియున్నది. దానిని నిలిపినందుకు సంతోషమే. కాని ఆ సింహాసనపు బండిలో మన తాత యెక్కలేదు. మన తాత యెక్కినది, మన డాక్టరు వర్షపురాత్రి వచ్చినది, మన పంచాయతీ సమితి అధ్యక్షుడు తిరిగినది అంబాసిడరులో. రాజుల రథములు అద్దాలమేడలలోను, ప్రజల బండ్లు ఇనుపకొట్టులోను ఉన్నచో ముందుతరమువారు మనలను గూర్చి ఏమి నేర్చుకొందురు? 15 ఏండ్లు దాటిన సర్కారుబండ్లకు 2023 ఏప్రిలు 1 నుండి రిజిస్ట్రేషను లేకుండ చేసిరి. వానిలో ఒక్క అంబాసిడరునైనను కచేరి యావరణలో నీడ వేసి నిలిపిన జిల్లాలెన్ని?

నేను కోరునది గొప్పది కాదు. 25 ఏండ్లు నిండి, మూలరూపము చెడక, సంవత్సరమునకు కొద్ది మైళ్లు మాత్రము తిరుగు స్వంతబండికి వేఱొక తరగతి యేర్పఱచి, వెనుకటి రుసుముననే రిజిస్ట్రేషను సాగనీయవలెను. అట్టి బండిని మార్పిడికి తీసికొను షోరూమువారు దానిని విప్పించుటకు ముందు ముప్పదిదినములు కొనువారికై ప్రకటించి యుంచవలెను. ఇందువలన వారికి నష్టము లేదు. మంచివెల వచ్చినచో వారికే లాభము.

వకీలుగా ఒక మాట గూడ చెప్పవలసియున్నది. బండి ఇచ్చివేసితిమి, పీడ వదలినదని నిశ్చింతగ నుండువారు చాలమంది. రిజిస్ట్రేషను మీ పేరున ఉన్నంతవఱకు ఆ బండి చేసిన ప్రమాదమునకు నష్టపరిహారము మీ నెత్తిపై పడునని సుప్రీముకోర్టు 2018లో నవీన్‌కుమార్ కేసులో తీర్పు చెప్పినది. 2023 ఏప్రిలు నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము అధికృతి పొందిన డీలరునకు బండి అప్పగించినట్లు 29సి ఫారము దాఖలైనచో బాధ్యత వానిది. కావున ఇచ్చుటయే నిశ్చయమైనచో డీలరు అధికృతిపత్రము చూపుమని యడుగుడు; ఆ ఫారము నకలు చేత పట్టుకొనక తాళపుచెవి యీయకుడు. ఈ ప్రశ్న వేయగానే బేరము నెమ్మదించును, ఆ నెమ్మదిలో మీరు మఱల ఆలోచింపగలరు.

గరివిడి వైపు వీధిలో మఱియొక అంబాసిడరు మిగిలియున్నది. దాని యజమాని వచ్చు శనివారము మార్పిడిమేళాకు తోలుకొనిపోవ నిశ్చయించుకొని, నా మాట మీద ఆదివారము వఱకు ఆగెదననెను. ఆర్.సి. పుస్తకము తెచ్చి చూపెదననియు చెప్పెను. మేస్త్రిని గూడ రమ్మంటిని.