గ్లాసు నీళ్లలో తేలని నిజం

తేనె స్వచ్ఛతను ఇంట్లోనే తెలుసుకోవడానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రజలకు నేర్పిన పరీక్ష ఒకటుంది. గ్లాసెడు నీళ్లలో ఒక చుక్క తేనె వేయాలి. చెదరకపోతే అసలుది, కరిగి వ్యాపిస్తే కల్తీది. తేనెలో నీళ్లు కలిపి అమ్మే వీధి వర్తకుణ్ని పట్టుకోవడానికి ఇది ఉపయోగపడవచ్చు. అయితే నేటి కల్తీ వీధిలో జరగడం లేదు, కర్మాగారంలో జరుగుతోంది. చిక్కగా కాచిన బియ్యం పాకం కూడా అంతే నిబ్బరంగా గ్లాసు అడుగుకు చేరుతుంది.

2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వెల్లడించిన ఫలితాలను గుర్తు చేసుకోవాలి. 13 బ్రాండ్లకు చెందిన 22 నమూనాల్లో అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవి ఐదే. కోవిడ్ కాలంలో తేనె అమ్మకాలు పెరుగుతున్నా తమకు గిట్టుబాటు ధర దక్కడం లేదని ఉత్తరాది పెంపకందారులు మొరపెట్టుకోవడమే ఆ పరిశోధనకు మూలం. చెరకు, మొక్కజొన్న పాకాలను పట్టే పాత పరీక్షకు బియ్యం పాకం చిక్కదు. దానికోసం నిర్దేశించిన పరీక్షలనూ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019 అక్టోబరులో పక్కనపెట్టింది, 2020 జూలైలో వాటిలో కొన్నింటిని మళ్లీ తెచ్చింది. కంపెనీలు ఆ ఫలితాలను ఖండించాయి. విదేశీ యంత్రాలను అమ్ముకునే కుట్ర అన్నవారూ ఉన్నారు.

కుట్ర సంగతి అటుంచి, ప్రభుత్వం స్వయంగా చేసిన పనిని చూద్దాం. అమెరికాకు ఎగుమతయ్యే తేనెకు 2020 ఆగస్టు 1 నుంచి ఎన్‌ఎంఆర్ పరీక్షను తప్పనిసరి చేశారు. దేశంలో అమ్ముడయ్యే తేనెకు ఆ నిబంధన పెట్టలేదు. అంటే పరాయి దేశపు వినియోగదారుడికి అణుస్థాయి పరీక్ష, మన పౌరుడికి గ్లాసు నీళ్లు. ఈ వివక్షకు విజ్ఞానశాస్త్రం కారణం కాదు, ఇది పాలకులు చేసుకున్న ఎంపిక.

ఈ రెండింటికీ నడుమ తక్కువ ఖర్చుతో నడవగల దారి ఒకటుంది. తేనెలో పొటాషియం మొదలైన ఖనిజాలు స్వల్పంగానైనా సహజంగా ఉంటాయి. పారిశ్రామిక పాకాల నుంచి శుద్ధి క్రమంలో ఖనిజాలను తొలగిస్తారు. అందుచేత పాకం కలిసే కొద్దీ తేనె ఖనిజసారం పలచబడుతుంది. నీటిలో కలిపిన తేనె విద్యుద్వాహకతను కొలిస్తే ఆ సంగతి నిమిషాల్లో బయటపడుతుంది. పూల తేనెకు ఇది సెంటీమీటరుకు 0.8 మిల్లీసీమెన్స్ మించరాదని అంతర్జాతీయ ప్రమాణం. అయితే ఆవపూల తేనె వంటి లేతరంగు రకాల్లో ఖనిజాలు సహజంగానే తక్కువ. కాబట్టి ఈ కొలత అనుమానాన్ని రేపగలదే గానీ తీర్పు చెప్పలేదు. ఆ ప్రాంతపు, ఆ పూలకాలపు తేనె లక్షణాలు ముందే నమోదై ఉంటేనే దానికి విలువ.

భద్రత మాటకొస్తే మరింత జాగ్రత్త అవసరం. సీసం, యాంటీబయాటిక్ అవశేషాల ఆరోపణలతో 2010లో ఐరోపా సమాజం మన తేనె దిగుమతిని నిలిపివేసింది. అక్కడ తేనెలో సీసం కిలోకు 0.10 మిల్లీగ్రాములు దాటరాదు. చేతిలో ఇమిడే ఎక్స్‌రే పరికరాలు అంత సూక్ష్మ పరిమాణాన్ని నమ్మకంగా చూపలేవు. దానికి ప్రయోగశాలే శరణ్యం. తేనె ఆమ్లగుణం గలది, నాసిరకం లోహపు డబ్బాల నుంచి లోహాలను పీల్చుకోగలదు. పాత్ర మార్చడం పరీక్షకన్నా ముందు చేయవలసిన పని.

మరి వేగవంతమైన పరీక్షను ఎక్కడ నెలకొల్పాలి? దుకాణపు అలమారా దగ్గర కాదు, తేనె చేతులు మారే మొదటి చోట. ఆంధ్రప్రదేశ్ మన్యంలో గిరిజన సహకార సంస్థ అడవి తేనె కొనే కేంద్రమైనా, ఆవచేల పక్కన వ్యాపారి పీపాలు నింపుకునే స్థలమైనా అదే నియమం. అక్కడే కొలిచి, చీటీ రాసి, ఆ అంకెను సీసా దాకా వెంట నడిపిస్తే పాకం ఎక్కడ కలిసిందో దాచడం కష్టమవుతుంది. నిజాయతీగా పెట్టెలు మోసే పెంపకందారుకు ధర అడిగే హక్కు దక్కుతుంది. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు 500 కోట్ల రూపాయలు కేటాయించారు, చిన్న ప్రయోగశాలలకు మంజూరులిచ్చారు, వివరాల నమోదుకు మధుక్రాంతి పోర్టల్ తెరిచారు. ఇవన్నీ ఒకే గొలుసుగా కలవకపోతే శిలాఫలకాలుగానే మిగులుతాయి.

తొందరపాటు పరీక్షలు చిన్న రైతులకే ఉచ్చు బిగిస్తాయన్న అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేయదగినది కాదు. అందుకే శీఘ్ర పరీక్షలో తేడా వచ్చినంత మాత్రాన జరిమానా ఉండకూడదు. ఆ నమూనా గుర్తింపు పొందిన ప్రయోగశాలకు వెళ్లాలి. విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలని 2006 నాటి ఆహార భద్రత చట్టమే చెబుతోంది. ఆ గడువు పాటింపజేయాలి, ఫలితాలను బ్రాండ్ల పేర్లతో సహా ప్రజల ముందుంచాలి.

మధుర విప్లవం గురించి వేదికలెక్కి చెప్పే నేతలను పార్లమెంటులో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఓడ ఎక్కే తేనెకు వర్తించే పరీక్ష, ఊళ్లో పసిబిడ్డ నాలుకకు రాసే తేనెకు ఎందుకు వర్తించదు?