త్రోవలో నిలుపుటకు వారికేమి యధికారము?



మొన్నటి మహాశివరాత్రికి మా పట్టిసీమ వీరభద్రస్వామిని సేవింప జనులు తండోపతండములుగా వచ్చి, పడవలపై గోదావరి దాటి కొండకు పోయిరి. ఆనాడు రెండు జాములు దాటిన పిదప మా పొరుగింటి దొడ్డమ్మగారు కన్నీటితో మా గుమ్మమునకు వచ్చిరి. ఆమె చిన్నకుమారుడు మోటారుసైకిలుపై వచ్చుచుండగా ఏటిగట్టు బాటలో పోలీసువారు నిలిపి, గొట్టములో నూదించి, బండిని తీసికొనిరట. "అమ్మాయీ! దారిని పోవువానిని నిలుపుటకు వారికేమి యధికారము? మేష్టారు వచ్చి యొక్క మాట చెప్పిన వదలరా?" అని యడిగిరి.

మా యింటివారు సిఫారసునకు బోక చట్టపు పుస్తకము దీసిరి. మేమును గూర్చుండి చదివితిమి.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 130వ సెక్షను ననుసరించి, యూనిఫారము ధరించిన పోలీసు అధికారి యడిగినచో బండి నడుపువాడు లైసెన్సు చూపవలెను. త్రాగి నడుపుచున్నాడని శంకించుటకు తగిన కారణమున్నచో, 203వ సెక్షను క్రింద ఊపిరి పరీక్షింపవచ్చును. లైసెన్సుకై నిలిపినప్పుడు నోట వాసన వచ్చినను, మాట తడబడినను ఆ కారణము దొరకినట్లే. ఏ శంకయు లేక యూదుమనుటకు ఆ సెక్షను చాలదు.

నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో 185వ సెక్షను క్రింద నేరము. మొదటి తప్పునకు 6 నెలలవరకు ఖైదు గాని, 2019 సవరణ ననుసరించి 10,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని కలవు. ఈ నేరమునకు అరెస్టు చేసినచో 2 గంటలలోపల వైద్యునిచే పరీక్షింపవలెను, లేనిచో విడువవలెను.

ఇక బండి మాట. త్రాగినవానిని నడపనీయరాదు గాని, ఆ యొక్క కారణముచేత బండిని పట్టి యుంచరాదని 2021లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పెను. వెంటనున్న త్రాగనివానికి లైసెన్సున్నచో వానికీయవలెను. లేనిచో బంధుమిత్రులను పిలిపింపవలెను. ఎవరును లేనప్పుడే భద్రపరుపవచ్చును. ఆ తీర్పు మన రాష్ట్రమును గట్టిగ బంధింపకున్నను, ఇచటి న్యాయస్థానములలో జూపదగినదే.

దొడ్డమ్మగారి పెద్దకుమారుడు లైసెన్సుతో పోయి యడుగగా బండి నిచ్చిరి. కేసు మాత్రము నిలిచెను. మరునాడామె మా యరుగుపై గూర్చుండి, "బండి వచ్చినది, అమ్మాయీ. వారు నిలుపకున్నచో వాడు వచ్చెడివాడా?" అని గోదావరి వంక జూచి యూరకుండిరి. మాకును మాట రాలేదు.

మన రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వములో, మద్యముతోపాటు శిష్యుడైన కచుని భస్మమును మ్రింగిన శుక్రాచార్యుడే తుదకు సురాపానమును నిషేధించెను. చెడిన పిమ్మట కట్టడి చేయుటకంటె ముందు మేలుకొనుట మేలు గదా!

కావున సోదరీమణులారా, మనవారిని నిలిపినప్పుడు సిఫారసులకు బరుగిడవలదు. యూనిఫారమున్నదా, శంకకు కారణమేమి, యంత్రము చూపిన లెక్క యెంత, వైద్యపరీక్ష యెప్పుడని మర్యాదగా నడుగుడు. అవి మన హక్కులు. పండుగనాడు బండి తాళపుచెవిని మన కొంగున ముడివేసికొనుట మాత్రము మన ధర్మము.