పదవి వదిలితే పోయేదేముంది?
మన మంత్రుల రాజీనామా డ్రామాలు చూసినప్పుడల్లా, నేనుంటున్న ఈ డబ్లిన్‌లో పనిచేసిన జార్జ్ గావన్ డఫీ గుర్తొస్తాడు. 1916లో రోజర్ కేస్‌మెంట్ కేసు చేపట్టినందుకు లండన్ లా సంస్థలో భాగస్వామ్యం పోగొట్టుకున్నాడు. 1919లో పారిస్‌లో ఐర్లాండ్ గొంతు వినిపించాడు. 1921 ఒప్పందంపై ఇష్టం లేకున్నా సంతకం పెట్టి, 1922లో విదేశాంగ మంత్రి అయ్యాడు. ఉద్యమకాలంలో పుట్టిన కోర్టులను అదే ఏడాది సొంత ప్రభుత్వమే రద్దు చేస్తే, మంత్రి పదవికి రాజీనామా చేశాడు. అంతటితో ఆయన బతుకు ఆగిపోలేదు. 1936లో హైకోర్టు జడ్జి, 1946లో ఆ కోర్టుకే ప్రెసిడెంట్.

"పదవి పోతే ఉద్యమానికి ఏం చేయగలం?" అన్న నేతలారా, పదవిలో ఉండి ఏం చేశారు? తెలంగాణ వచ్చింది, ఇక మనవాళ్లు తప్పు చేసినా నిలదీసే దమ్ము మనకుండాలి. ఆ అలవాటు ఇప్పుడే మొదలు కావాలి.

జై తెలంగాణ!