నేతగాడు లేని నేత

పడుగు సాచి, పేక నించి, నాడె నాడించిన గాని నూలు బట్ట కానేరదని ఎమ్మిగనూరులో చిన్నబిడ్డలు సైతము ఎరుగుదురు. అట్టి యూరివారితో, పోగులు తమంతట తామే పురి తిరిగి, ఒండొంటితో పెనగొని, కట్టడమై నిలుచునని చెప్పినచో నవ్వక మానరు. అయినను రసాయన శాస్త్రజ్ఞులు ఇంచుమించు ముప్పది యేండ్లుగా సాధించుచున్నది ఇట్టి పనియే. మన పఠనమందిరములలో దీని ప్రసంగము తగినంత జరుగుట లేదని తలంచి నేడు ఈ విషయమును ఎత్తుకొనుచున్నాము.

ప్రకృతిలో ఇది కొత్త సంగతి గాదు. మన దేహములోని మాంసకృత్తులు పూసల దండలవంటివి. అమైనో ఆమ్లములను ఇరువది విధముల పూసలు ఏ వరుసలో గ్రుచ్చబడినవో, ఆ వరుసను బట్టి దండ మడతపడి యొక ఆకారము దాల్చును. మడతపడిన దండలు మరల ఒండొంటితో కూడును. నెత్తుటిలో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్ అట్టి నాలుగు దండల కూటమి. తోలునకు బలమిచ్చు కొల్లాజెన్ మూడు పేటల త్రాడని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. యన్. రామచంద్రన్, గోపీనాథ కర్తా గార్లు వెల్లడించిరి. ఆదవానిలో గింజ తీసి బేళ్లు కట్టు పత్తియు ఇందులకు దూరము గాదు. గ్లూకోజు పూసల పొడుగాటి దండలు ప్రక్కప్రక్కన చేరి, ఉదజని బంధములచే ఒండొంటిని పట్టుకొనుటచేతనే పత్తిపోగునకు ఆ బిగి కలిగినది.

మాంసకృత్తులలో లేని పూసలతో ఈ పనిని మనుష్యుడు చేయగలడా యనునది ప్రశ్న. 1996లో స్విట్జర్లాండు జూరిక్ నగరమున డీటర్ జేబాక్ గారును, అమెరికాలోని విస్కాన్సిన్‌లో శామ్యూల్ గెల్‌మన్ గారును వేర్వేరుగా చేయగలడని రుజువు చూపిరి. మాంసకృత్తుల పూసకంటె వెన్నులో ఒక్క కర్బన పరమాణువు అధికముగా గల బీటా అమైనో ఆమ్లములను వారు గ్రుచ్చిరి. కర్బనమొకటి పెరిగిన దండ మరింత వదులై వ్రేలాడునని యెవరైనను తలతురు. అందులకు భిన్నముగా, ఆరు పూసల చిన్నదండయే చక్కగా పురి తిరిగినది. ఇట్లు మడతపడు కృత్రిమ అణుమాలలకు ‘ఫోల్డమర్’ అను పేరును 1998లో గెల్‌మన్ గారు వ్యాప్తికి తెచ్చిరి.

ఈ విద్య సముద్రముల కావలనే నిలిచిపోలేదు. హైదరాబాదు తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థలో జి. వి. యం. శర్మ, ఎ. సి. కున్వర్ గార్లును వారి సహచరులును చక్కెరల సంబంధము గల బీటా అమైనో ఆమ్లములను తయారుచేసిరి. కుడి యెడమ వాటముల పూసలను ఒకటి విడిచి యొకటిగా గ్రుచ్చినచో దృఢమైన మెలిక యేర్పడునని 2004లో ప్రకటించిరి. 1944లో హైదరాబాదు సంస్థానమున ప్రారంభమైన ప్రయోగశాలయే ఈ సంస్థకు మూలము. ప్రజాధనముతో నడచు సంస్థలో జరిగిన పని గనుక ప్రజలకు దానిని తెలిసికొను హక్కు కలదు.

ఒక పోగు పురి తిరుగుట మొదటి మెట్టు. పోగులు కూడి కట్టడమగుట రెండవ మెట్టు. 2000 సంవత్సరమున ఫ్రాన్సులో ఇవాన్ హ్యూక్, జాన్ మరీ లేన్ గార్లును సహచరులును ఒంటి మెలికలు ద్రవములో జంటమెలికలుగా పెనవేసికొనుటను, మరల విడివడుటను చూపిరి. 2007లో యేల్ విశ్వవిద్యాలయమున అలన్నా షెపార్ట్‌జ్ గారి బృందము, పండ్రెండేసి పూసల బీటా దండలు ఎనిమిది చేరి యొకే కట్టగా నిలిచిన తీరును స్ఫటికములో కనుగొనెను. 2010లో దక్షిణ కొరియాలో హీ సుంగ్ లీ గారి బృందము ఇట్టి అణువులు గాలిమర ఆకారము గల సూక్ష్మ రేణువులుగా పేరుకొనుటను ప్రకటించెను. 2015లో ఫ్రాన్సు బోర్డో నగరమున జిల్ గిషార్ గారి బృందము, పూసల వరుసను మార్చుటచేతనే మెలికల కట్టను గాని పొడుగాటి గొట్టమును గాని పొందవచ్చునని చూపెను.

దీని మర్మ మేమి? నీటిలో నిలుచు కట్టలకు, మెలిక యొక ప్రక్క నూనెవలె నీటిని సహింపని భాగములను, మరియొక ప్రక్క నీటిని కోరు భాగములను అమర్తురు. నూనె వైపులు నీటినుండి దాగుటకై ఒండొంటిని చేరును. ఒక్కొక్క పట్టు మిక్కిలి బలహీనము. పట్టులన్నియు కూడినపుడు కట్టడము నిలుచును.

ఇందుండి కొందరు తొందరపాటు తీర్పు తీయుదురు. అణువులే తమంతట తాము కూడుకొనునపుడు మనుష్యులు మాత్ర మేల కూడుకొనరు? ఎవరి దారిని వారిని విడిచిన చాలును, ఊరు దానంతట అదియే బాగుపడును అందురు. ఈ వాదమునకు సాక్ష్యము చాలదు. దండలు తమంతట తాము కూడును గాని, తమంతట తాము పుట్టలేదు. పూసవెంట పూసను గ్రుచ్చుటకు, మలినమును తీయుటకు, వరుసను ముందుగా యోచించుటకు ఎంతయో శ్రమ పట్టినది. వరుస తప్పినను, ద్రవము మారినను ఆ కట్టడము చెడును. చెడుగా కూడుటయు కలదు: ఆల్జైమర్ వ్యాధిగ్రస్తుల మెదడులో మాంసకృత్తుల ముక్కలు అక్కరలేని పోగులుగా పేరుకొనును. కావున ‘తమంతట తాము’ అను మాటకు శ్రమ లేదని యర్థము గాదు, శ్రమ ముందే జరిగినదని యర్థము. 1938లో మాచాని సోమప్ప గారు నెలకొల్పిన ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘమును తలచికొనుడు. ఒంటిమగ్గమునకు లేని బలము కూడిన మగ్గములకు కలుగును. కాని నిబంధనలు, లెక్కలు, నమ్మకము ముందు అమరిన గాని మగ్గములు కూడవు.

చేనేత పట్టణమున కీ గొడవ యెందుకు, దీనివలన కూడు పుట్టునా అని చదువుకొన్నవారే యడుగుట వినుచున్నాము. బీటా దండలను దేహములోని ఎంజైములు సులభముగా కోయలేవు. కనుక దేహములో చాలసేపు నిలుచు ఔషధములకు ఇవి దారి చూపగలవని శాస్త్రజ్ఞుల యాశ. రేపే మందుసీసా వచ్చునని మేము చెప్పము. చెప్పువారిని నమ్మవలదని మాత్రము చెప్పుదుము. అయినను మూలవిద్యకు వ్యయ మాపి ఫలమునే కోరుట, విత్తనపుగింజను వండుకొని తిని పంటకై ఎదురుచూచుటయే.

కావున మా కోరిక స్పష్టము. ఏలికలు మూలవిద్యకు ఇచ్చు ధనమును వత్సరమున కొక లాభనష్టాల చిట్టాతో కొలువరాదు. ప్రజాధనముతో పరిశోధించువారు తమ పనిని తెలుగున వివరించుట తమ విధిగా నెంచవలెను. ఆదవాని, ఎమ్మిగనూరు కళాశాలల బిడ్డలు ప్రయోగమును కన్నులతో చూడవలెను, చేతులతో చేయవలెను; ప్రయోగశాల నెరుగక పరీక్ష నెగ్గినవాడు మగ్గము నెక్కక నేతను వర్ణించువానివంటివాడు. పఠనమందిరములవారు ఏటికి నాలుగు మారులైనను ఒక ఉపాధ్యాయుని పిలిచి ఇట్టి విషయములను చెప్పించుకొనవచ్చును. అందులకు పెద్ద వ్యయము గాదు. పురి పెట్టు చేతికి, పురి తిరుగు అణువును గ్రహించు బుద్ధి లేకపోదు. లోపము వరుసలో నున్నది. ఆ వరుసను అమర్చు భారము మన పెద్దలది.