పక్కింట్లో చావు చూశాకనే టీకానా?

ఎముక విరిగితే పొరుగు రాష్ట్రాల నుంచి సైతం జనం పుత్తూరు కట్టుకు వస్తారు. ఆ నమ్మకం ప్రచారంతో కలిగినది కాదు. కట్టు కట్టించుకుని లేచి నడిచిన మనిషిని కళ్ళారా చూడడం వల్ల కలిగినది. టీకాకు ఆ సౌలభ్యం లేదు. టీకా వల్ల బ్రతికిన మనిషి మామూలుగానే వీధిలో తిరుగుతుంటాడు. తాను బ్రతికిపోయిన సంగతి అతడికే తెలియదు. కంటికి కనిపించేది చావు ఒక్కటే.

2021 మార్చి 1 నుంచి 60 ఏళ్ళు దాటినవారికి, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన వారందరికీ కోవిడ్ టీకా వేయడం మొదలైంది. అప్పట్లో వెనకాడినవారు తక్కువేమీ కాదు. రెండవ విడత ఉధృతమై, మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి 11 మంది మరణించినట్లు అధికారులు ప్రకటించాక గాని భయం ఇంటింటికీ పాకలేదు. తీరా అప్పటికి టీకాకు కొరత. రాష్ట్రంలో రెండవ డోసు వారికే ముందుగా వేయవలసి వచ్చింది. పైగా కోవిషీల్డు డోసుల మధ్య వ్యవధిని 12 నుంచి 16 వారాలకు పెంచినదీ ఆ నెలలోనే. పొరుగింటి చావు చూసి మే చివర మొదటి సూది వేయించుకున్నవారికి రెండవది ఆగస్టులో గాని అందదు. ఆ వేళకు ఉధృతి తగ్గనే తగ్గింది.

పోనీ, భయం ఎప్పుడూ టీకా వైపే నడిపిస్తుందా అంటే అదీ లేదు. తమిళ హాస్యనటుడు వివేక్ 2021 ఏప్రిల్ 15న చెన్నైలో టీకా వేయించుకున్నారు. 17న గుండెపోటుతో మరణించారు. తమిళ సరిహద్దున వున్న పుత్తూరు, నగరి ప్రాంతాల వారికి ఆయన పరాయివారు కారు. ఆ మరణానికి టీకాతో సంబంధం లేదని కేంద్ర నిపుణుల సంఘం తేల్చినది అక్టోబరులో! వదంతి వ్యాపించడానికి ఆరు నెలల గడువు చాలదా?

2022 జూలై 15 నుంచి 75 రోజులపాటు పెద్దలందరికీ ముందుజాగ్రత్త డోసు ఉచితంగా వేస్తామన్నారు. అప్పటికి చావులు తగ్గాయి. మొదటి రెండు డోసులకు వచ్చినంతమంది రాలేదు. ఇందులో ఆశ్చర్యం లేదు.

ఆరోగ్యశాఖ వారు గమనించవలసినది ఒకటుంది. టీకా వేయించుకున్న వ్యక్తి ఏ వీధిలోనైనా మరణిస్తే, ఆ వారంలోనే డాక్టరు స్వయంగా ఆ వీధికి వెళ్ళి కారణం చెప్పాలి. కారణం తేలకపోతే తేలలేదనే చెప్పాలి. ఆ పనికి ఆశా కార్యకర్తను ఒంటరిగా పంపి, ఆమెను తిట్లపాలు చేయడం న్యాయం కాదు.